గోల్ఫ్ మైదానపు నీటి గొట్టములు: పగుళ్ళు, మరమ్మతులు

పచ్చిక మైదానములో ఒకచోట మాత్రము మండువేసవిలో గూడ తడి ఆరకున్నచో, దాని క్రింద గొట్టము పగిలినదని తోటమాలి గ్రహించును. చూచుటకు ఇది చిన్న విషయమే. కాని గొట్టములోని పీడనము 5 వాతావరణములున్నప్పుడు, కేవలము 5 మిల్లీమీటర్ల వెడల్పుగల రంధ్రము గుండ రోజుకు సుమారు 33 వేల లీటర్ల నీరు నేలపాలగును. మనిషికి నూరు లీటర్ల చొప్పున మూడువందల మందికి పైగా చాలునంతటి నీరిది. ఈ నష్టమును అరికట్టు విద్య ఎట్లు పెరిగినదో తెలిసికొందము.

గొట్టములు లేని కాలము

గోల్ఫ్ ఆటకు పుట్టినిల్లుగా పేరొందిన స్కాట్లండులో తొలి మైదానములకు గొట్టములు లేవు. సెంట్ ఆండ్రూస్ వంటి చోట్ల సముద్రతీరపు ఇసుక నేలపై వానలకే గడ్డి పెరిగెడిది. దానిని గొర్రెలు, కుందేళ్ళు కొరికి పొట్టిగా నుంచెడివి. ఎండలకు గడ్డి పండుబారినను, వానకు మరల చిగుర్చును.

ఆట దేశాంతరములకు పోయిన పిదప చిక్కు మొదలయ్యెను. 1829లో కలకత్తాలో ఒక గోల్ఫ్ క్లబ్బు వెలసెను. బ్రిటిషు దీవుల వెలుపల నేటికిని నిలిచియున్న క్లబ్బులలో ఇదియే ప్రాచీనమైనది. కలకత్తాకు వానల కొరత లేదు. వర్షము తక్కువైన తావులలో మాత్రము గుంట చుట్టును గడ్డికి బదులు చమురు కలిపిన ఇసుక పరచి ఆడవలసివచ్చెను. పచ్చిక కావలెనన్నచో నీటిని గొట్టముల ద్వారా తేక తప్పదు.

ఇనుము నుండి ప్లాస్టిక్ వరకు

మొదట ఇనుప గొట్టములు పాతి, గుంటల సమీపమున కుళాయిలు బిగించి, రబ్బరు గొట్టములతో తడిపెడివారు. 1933లో కాలిఫోర్నియాలోని గ్లెండోరాలో ఆర్టన్ ఎంగిల్‌హార్ట్ అను నారింజ తోటల రైతు ఒక తుంపర యంత్రమును కల్పించెను. నీటిధార తాకిడికి దాని చేయి పక్కకు పోయి, స్ప్రింగు లాగగా వెనుకకు వచ్చి కొట్టును. ఒక్కొక్క దెబ్బకు యంత్రము కొంచెము కొంచెముగా తిరుగును. తోటల కొరకు పుట్టిన ఈ సాధనము మైదానములకును వ్యాపించెను. దానితో నేలలోని గొట్టముల అల్లిక పెరిగెను. అతుకులు పెరిగిన కొలది పగులుటకు తావులును పెరిగినవి.

ఇనుమునకు తుప్పు శత్రువు. అందుచేత తుప్పు పట్టని ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టములు వాడుకలోనికి వచ్చెను. వాటిని రంపముతో కోసి అతుకు వేసిన పనివారు ఆ ధూళిని పీల్చిరి. కంటికి ఆనని ఆ నారపోగులు ఊపిరితిత్తులలో నిలిచి, ఏండ్ల తరువాత ప్రాణాంతకములగు వ్యాధులను కలిగించునని పిదప తేలెను. బ్రిటను 1999లో ఆస్బెస్టాస్ వాడుకను పూర్తిగా నిషేధించెను. పాత గొట్టములు అనేక చోట్ల నేలలో ఇంకను మిగిలియున్నవి. వాటిని పొడిగా కోయరాదు. చాలచోట్ల పాతదానిని కదల్పక అట్లే విడిచి, ప్రక్కన క్రొత్తది వేయుదురు.

పి.వి.సి. అను పదార్థమును 1872లో జర్మను రసాయనజ్ఞుడు బౌమన్ గమనించెను. దానితో గొట్టములు చేయుట 1930 తరువాతి దశాబ్దములో జర్మనీలో ఆరంభమయ్యెను. తేలికయు, తుప్పు లేమియు గల ఈ గొట్టములు రెండవ ప్రపంచయుద్ధము తరువాత మైదానములలోను ఇనుమును తొలగించెను.

జలాఘాతము

తుప్పు పట్టని గొట్టము సయితము ఏల పగులును? మాస్కో నీటి సరఫరా గొట్టములపై పరిశోధించి రష్యా శాస్త్రజ్ఞుడు జుకోవ్‌స్కీ 1898లో ఒక కారణమును వివరించెను. పారుచున్న నీటికి వేగమున్నది. కవాటమును చటుక్కున మూసినచో ఆ నీరు ఒక్కసారిగా ఆగి, పీడన తరంగము గొట్టము వెంట పరుగిడును. సెకనుకు 1 మీటరు వేగముగల నీరు ఇట్లాగిన, ఇనుప గొట్టములో పీడనము దాదాపు 12 వాతావరణములు పెరుగును. పి.వి.సి. గోడ కొంత సాగును గనుక అందులో పెరుగుదల 4 వాతావరణముల ప్రాంతముననే ఉండును. కాని ప్రతిరాత్రియు అనేక కవాటములు తెరచుచు మూయుచున్నచో, చిన్న దెబ్బలే పేరుకొని అతుకును చీల్చును. చలిదేశములలో మరియొక కారణము గలదు: నీరు గడ్డకట్టినపుడు పరిమాణము నూటికి 9 వంతులు పెరుగును. అందుచే శీతకాలమునకు ముందే గాలిని దూర్చి గొట్టములను ఖాళీ చేయుదురు.

అతుకు వేయు విధము

ముందుగా కవాటము మూసి, పచ్చికను వేళ్ళతో సహా పలకలుగా కోసి ప్రక్కనుంచవలెను. పగులునకు ఇరువైపుల మట్టి తీసి, చెడిన ముక్కను లంబముగా కోయవలెను. ఇచట ఒక చిక్కు గలదు. రెండు కొనలును మట్టిలో బిగిసియుండగా వాటి నడుమ క్రొత్త ముక్కను ఎట్లు దూర్చుట? లోపల అడ్డుగట్టు లేని జారుడు జోడును ఒక కొనపై పూర్తిగా నెట్టి, ముక్కను నిలిపి, జోడును వెనుకకు జరిపిన రెండును కలియును. అతుకు ఆరిన పిదప నీటిని మెల్లగా వదలి, లోపలి గాలిని పోనీయవలెను. తొందరపడి కవాటమును త్రిప్పినచో జుకోవ్‌స్కీ చెప్పిన దెబ్బ క్రొత్త అతుకుపైననే పడును. కారుట లేదని చూచిన తరువాతనే ఇసుకతో, మట్టితో పూడ్చవలెను.

నేలలోని చరిత్ర

గోలకొండ కోటలో కుతుబ్‌షాహీల నాటి మట్టి గొట్టములు నేటికిని కనిపించును. మోటచక్రములతో పైతొట్లకెక్కించిన నీరు వాటి గుండ మేడలకు, తోటలకు పారెడిది. ఆ కోట చెంతనే నేడొక గోల్ఫ్ మైదానము గలదు. ఇట్టి చోట గునపము వేయువాడు క్రొత్త గొట్టమునే గాక పాత చరిత్రను గూడ తాకవచ్చును. కావున గొట్టము పాతిననాడే దాని దారిని, లోతును పటములో గుర్తించుట మంచిది. పాతినవాని జ్ఞాపకముననే ఉన్న గొట్టము అతనితోనే మరుగగును. పటములోనున్న గొట్టమును వెదకుటకు మైదానమంతయు త్రవ్వనక్కరలేదు.