పెద్ద ఫ్యాక్టరీలో వైర్‌లెస్ ఫోన్: సిగ్నల్ ప్లాన్ ఎలా వేయాలి?

ఉప్మాక వెంకన్న గుడి ఉన్న నక్కపల్లి మండలం (అనకాపల్లి జిల్లా) ఇప్పుడు పరిశ్రమల కేంద్రంగా మారుతోంది. ఇక్కడి బల్క్ డ్రగ్ పార్క్‌కు 2025 జనవరి 8న ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు. దీని విస్తీర్ణం సుమారు 2 వేల ఎకరాలు. ఇలాంటి చోట ఆపరేటర్, ఎలక్ట్రీషియన్, సెక్యూరిటీ గార్డ్ ఒక్క దగ్గర కూర్చోరు. టేబుల్ మీది ఫోన్ వాళ్లకు పనికిరాదు, ఫోన్ జేబులోనే ఉండాలి. ఇదే జిల్లా అచ్యుతాపురం సెజ్‌లో 2024 ఆగస్టు 21న ఒక ఫార్మా కంపెనీలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. ఆపద వేళ కాల్ కలవడం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

మనిషి తిరిగే దారి ముందు

ప్లాన్ వేసేటప్పుడు బాక్సులు ఎన్ని కొనాలి అనే లెక్కతో మొదలుపెట్టకూడదు. రాత్రి షిఫ్టులో ఒంటరిగా పనిచేసే మనిషి ఎక్కడెక్కడికి వెళ్తాడో ముందు రాసుకోవాలి. మెట్లు, లిఫ్ట్, కోల్డ్ రూమ్, ట్యాంకుల వెనక, పంప్ హౌస్, బాత్రూమ్ కూడా ఆ లిస్టులో ఉండాలి. సిగ్నల్ సాధారణంగా పోయేది ఇలాంటి మూలల్లోనే.

సిగ్నల్ ఎంత ఉండాలి?

వై-ఫై మీద మాట్లాడే ఫోన్లకు సాధారణంగా మైనస్ 67 డీబీఎం లక్ష్యంగా పెట్టుకుంటారు. అది మైనస్ 77కు పడిపోతే అందే శక్తి పదో వంతే. స్టీలు ట్యాంకులు సిగ్నల్‌ను వెనక్కి కొడతాయి, కాంక్రీటు గోడలు మింగేస్తాయి. నడుముకు తగిలించుకున్న ఫోన్‌కు మన ఒళ్లే అడ్డం.

మనిషి నడుస్తుంటే ఫోన్ ఒక బాక్సు నుంచి ఇంకో బాక్సుకు మారాలి. అందుకే పక్కపక్క బాక్సుల సిగ్నల్ కొంత మేర ఒకదానిమీద ఒకటి పడాలి. ఈ మార్పుకు 150 మిల్లీసెకన్ల కన్నా ఎక్కువ పడితే మాట తెగుతుంది. అలాగని బాక్సులు కుప్పలుగా పెట్టినా నష్టమే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవని చానళ్లు 1, 6, 11 మాత్రమే. 5 గిగాహెర్ట్జ్‌లో చానళ్లు ఎక్కువే గానీ గోడలు దాటడం తక్కువ. స్థలం మరీ పెద్దదైతే సొంత ప్రైవేట్ 5జీ నెట్‌వర్క్ ఇంకో దారి. దీనికి టెలికాం శాఖ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది.

మర్చిపోకూడనివి

సాల్వెంట్ ఆవిరి ఉండే చోట మామూలు ఫోన్ వాడకూడదు, దాని నిప్పురవ్వే ప్రమాదం తేవచ్చు. ఆ జోన్‌కు, ఆ గ్యాస్‌కు సరిపోతుందని సర్టిఫికెట్ ఉన్న ఫోనే ఇవ్వాలి.

కరెంటు పోయినా బాక్సులు, వాటి స్విచ్‌లు యూపీఎస్ మీద నడవాలి. ప్రమాదం జరిగినప్పుడు ముందు పోయేది చాలాసార్లు కరెంటే.

ఖాళీ షెడ్డులో చేసిన సర్వే చాలదు. మెషీన్లు దిగాక, సరుకు పేర్చాక, వర్కర్ వాడే ఫోన్‌నే చేతపట్టి నడుస్తూ, మాట్లాడుతూ మళ్లీ చూడాలి. కొత్త ట్యాంకు, కొత్త గోడ వస్తే సర్వే కూడా కొత్తగా చేయాల్సిందే. కాల్ తెగిన చోటును వర్కర్లే మ్యాప్ మీద గుర్తుపెట్టేలా చూస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే ఆ మూలలు వాళ్లకే బాగా తెలుసు.