కర్నూలు, కడప జిల్లాలలో గృహహింస బాధితులకు న్యాయ సహాయం

భర్త చేతగానీ, కలిసి జీవించే వ్యక్తి చేతగానీ, అత్తింటివారి చేతగానీ హింసకు గురయ్యే స్త్రీకి రక్షణ, నివాసం, భరణం ఇప్పించడానికి భారతదేశంలో ప్రధాన ఆధారం గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం, 2005. ఇది 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చింది. రాయలసీమలోని కర్నూలు, కడప ప్రాంతాలలో ఈ చట్టం క్రింద సహాయం పొందే విధానం, అందులోని ఇబ్బందులు ఈ వ్యాసంలో చూడవచ్చు. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో కర్నూలు నుండి నంద్యాల జిల్లా విడిపోయింది. కడప జిల్లాలోని కొంత భాగం అన్నమయ్య జిల్లాలో చేరింది. ఇక్కడ పాత ఉమ్మడి జిల్లాల పరిధినే గ్రహించాలి.

నేపథ్యం

1983లో భారతీయ శిక్షాస్మృతిలో 498ఎ సెక్షను చేర్చేవరకు భార్యపై క్రూరత్వం ప్రత్యేక నేరంగా లేదు. ఆ సెక్షను భర్తను శిక్షిస్తుంది గాని భార్యకు ఉండటానికి చోటు చూపదు. చాలామంది స్త్రీలు కోరేది భర్త జైలుకు పోవాలని కాదు, దెబ్బలు ఆగాలని, ఇల్లు దక్కాలని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతటా వ్యాపించిన సారా వ్యతిరేక ఉద్యమంలో స్త్రీలు తమ ఇళ్ళలోని హింసను గురించి బహిరంగంగా మాట్లాడారు. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వం సారాను నిషేధించింది.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వివాహమైన స్త్రీలలో సుమారు 29 శాతం మంది భర్త హింసను చవిచూశారు. శారీరక లేదా లైంగిక హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతమే.

చట్టంలోని ముఖ్యాంశాలు

శారీరక, లైంగిక, మాటలతో లేదా మానసికంగా చేసే హింసతో పాటు ఆర్థిక హింసను కూడా 3వ సెక్షను గుర్తిస్తుంది. మెట్ట సేద్యం చేసే కుటుంబాలలో ఈ చివరిది ముఖ్యమైనది. బోరు వేయడానికో, విత్తనాలకో భార్య నగలు కుదువ పెట్టడం ఇక్కడ సాధారణమే. ఆమె ఇష్టంతో జరిగితే అది హింస కాదు. ఆమె స్త్రీధనాన్ని బలవంతంగా లాక్కొని అమ్మితే, తిండికి డబ్బు ఇవ్వకపోతే ఈ సెక్షను వర్తిస్తుంది.

బాధితురాలు 12వ సెక్షను క్రింద మొదటి తరగతి మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవాలి. ఆంధ్ర ప్రదేశ్ కోర్టులలో ఇవి డి.వి.సి. కేసులుగా నమోదవుతాయి. మొదటి విచారణ సాధారణంగా 3 రోజులలోపు ఉండాలి, కేసును 60 రోజులలో ముగించడానికి ప్రయత్నించాలి. ఆచరణలో ఈ గడువు తరచుగా దాటిపోతుంది. అందువలన 23వ సెక్షను క్రింద మధ్యంతర ఉత్తర్వులను మొదటనే కోరడం మంచిది. రక్షణ (18), నివాసం (19), భరణం, ఖర్చులు (20), పిల్లల సంరక్షణ (21), నష్టపరిహారం (22) కోరవచ్చు. వీటి కోసం విడాకులు తీసుకోనవసరం లేదు. ఉత్తర్వుల ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు లేదా 20,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

భరణం మొత్తాన్ని భర్త జీతం నుండి నేరుగా చెల్లించమని యజమానిని కోర్టు ఆదేశించవచ్చు. ఉద్యోగి భార్యకు ఇది ఉపయోగమే. రోజుకూలీ భార్యకు మాత్రం దీనివలన ఒరిగేది తక్కువ.

ఎవరిని ఆశ్రయించాలి

ఆంధ్ర ప్రదేశ్‌లో మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా ప్రాజెక్టు డైరెక్టర్లను రక్షణాధికారులుగా నియమించారు. బాధితురాలి మాట విని గృహహింస సంఘటన నివేదిక తయారుచేయడం, కోర్టుకు పంపడం, వైద్యం, వసతి చూపడం వీరి విధులు. అంగన్‌వాడీల పర్యవేక్షణ కూడా అదే అధికారిపై ఉన్నందున పనిభారం ఎక్కువ. పైగా కార్యాలయం జిల్లా కేంద్రంలో ఉంటుంది. ఆదోని నుండి కర్నూలుకు సుమారు 100 కి.మీ. దూరం. ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు, ఇంట్లో చెప్పే కారణం, ఇవన్నీ కలిసివస్తేగాని ఆ ప్రయాణం సాధ్యం కాదు.

1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు గాని, కోర్టు ఉన్న ఊరిలోని మండల న్యాయ సేవాధికార సంఘానికి గాని తెల్లకాగితంపై అర్జీ ఇస్తే వకీలును నియమిస్తారు. 2015లో ప్రారంభమైన సఖి కేంద్రాల పథకం క్రింద వైద్యం, సలహా, కొద్దిరోజుల వసతి ఒకేచోట లభిస్తాయి. మహిళల సహాయ ఫోను సంఖ్య 181.

వలసలు, కోర్టు పరిధి

కోసిగి, కౌతాళం, మంత్రాలయం వంటి పశ్చిమ కర్నూలు మండలాల నుండి ఏటా వేలాది కుటుంబాలు మిరపకాయల కోతకు గుంటూరు వైపు వెళతాయి. దీనిని స్థానికంగా సుగ్గికి పోవడం అంటారు. కడప ప్రాంతం నుండి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే స్త్రీలు చాలామంది. ఇలాంటివారికి 27వ సెక్షను ఎంతో ముఖ్యం. బాధితురాలు తాత్కాలికంగా నివసించే చోటి మేజిస్ట్రేటును కూడా ఆశ్రయించవచ్చు. ఆ ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. పుట్టింటికి చేరిన స్త్రీ తిరిగి అత్తగారి ఊరి కోర్టుకే వెళ్ళాలని పెద్దమనుషులు చెప్పే మాట సరికాదు.

ముఖ్యమైన తీర్పులు

ఇల్లు అత్త పేరిట ఉంటే కోడలికి అందులో ఉండే హక్కు లేదని సుప్రీం కోర్టు 2006 డిసెంబరులో బాత్రా కేసులో చెప్పింది. 2020లో సతీష్ చందర్ అహుజా కేసులో ఆ అభిప్రాయాన్ని త్రోసిపుచ్చింది. పొలము, ఇల్లు మామ పేరిటే నడిచే పల్లెలలో ఈ మార్పు విలువ ఎక్కువ. రక్షణాధికారి నివేదిక లేనంత మాత్రాన దరఖాస్తును తిరస్కరించరాదని 2022లో ప్రభా త్యాగి కేసులో స్పష్టం చేసింది.

ఈ చట్టం అన్ని మతాల స్త్రీలకు వర్తిస్తుంది. కర్నూలు, కడప పట్టణాలలో ముస్లిం జనాభా గణనీయంగా ఉన్నందున, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ 125వ సెక్షను క్రింద భరణం కోరవచ్చని తెలంగాణ నుండి వెళ్ళిన కేసులో 2024 జూలై 10న వచ్చిన తీర్పు కూడా ఇక్కడ చెప్పుకోదగినది. 2024 జూలై 1 నుండి 498ఎ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లు, 125 స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను అమలులోకి వచ్చాయి.

జిల్లా స్థాయిలోనే గాక తాలూకా స్థాయిలో కూడా రక్షణాధికారులను నియమించాలని 2025 మే 20న సుప్రీం కోర్టు అన్ని రాష్ట్రాలను ఆదేశించింది.