విధేయత ముందు, విశ్వాసం వెనుక: ఒంగోలు మాదిగ క్రైస్తవుల దైనందిన జీవితంపై పునఃపరిశీలన

తెలుగు క్రైస్తవ చరిత్రపై వెలువడిన పరిశోధనలో ఒకే ప్రశ్నకు పెద్దపీట దక్కుతూ వచ్చింది. పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ఒంగోలు, నెల్లూరు, గుంటూరు ప్రాంతాల మాల మాదిగ కుటుంబాలు బాప్తిస్మం ఎందుకు పుచ్చుకున్నాయన్నదే ఆ ప్రశ్న. కరువులో తిండి కోసమని కొందరు, దొరల అండ కోసమని కొందరు, ఆత్మగౌరవం కోసమని మరికొందరు జవాబు చెప్పారు. బాప్తిస్మం అయిన మరునాటి నుంచి ఆ కుటుంబాలు ఏ పనికి వెళ్లాయి, ఏ పనికి వెళ్లబోమన్నాయి, అలా అన్నందుకు ఏం పోగొట్టుకున్నాయి, పోగొట్టుకుంటూ కూడా దేవుణ్ని ఎలా నమ్ముకున్నాయి అన్న విషయాలు మాత్రం సంఘాల వార్షికోత్సవ సంచికలకే పరిమితమయ్యాయి. దేవునిపై నమ్మకం, దేవునికి లోబడడం అనే రెండింటిలో తెలుగు క్రైస్తవుల విషయంలో లోబడడమే ముందు వచ్చిందనీ, ఆ లోబడిన బతుకులోంచే నమ్మకం పుట్టి గట్టిపడిందనీ, ఈ క్రమాన్ని తలకిందులుగా చదివినందువల్లనే పూర్వ పరిశోధకులకు ఆ సమాజపు విశ్వాసం అందలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఈ తప్పుడు చదువుకు మూలం జె. వాస్కం పికెట్ గ్రంథంలో ఉంది. అమెరికన్ మెథడిస్టు మిషనరీ అయిన పికెట్ 1933లో ప్రకటించిన 'క్రిస్టియన్ మాస్ మూవ్‌మెంట్స్ ఇన్ ఇండియా' సామూహిక మతాంతరీకరణపై, అంటే కుటుంబాలు, కులాలు గుంపుగా క్రైస్తవంలోకి వచ్చిన ఉద్యమాలపై, తొలి విస్తృత క్షేత్ర పరిశోధన. తెలుగు ప్రాంతాలు కూడా అందులో ఉన్నాయి. క్రైస్తవులైనవారిని కలిసి, ఎందుకు క్రైస్తవులయ్యారని అడిగి, వచ్చిన జవాబులను ఆధ్యాత్మికం, లౌకికం, సాంఘికం, జన్మతః వచ్చినవి అని నాలుగు గంపలకెత్తడం ఆయన అనుసరించిన పద్ధతి. ఆ తరువాత వచ్చిన పరిశోధకులు గంపల పేర్లు మార్చారు గాని గంపలకెత్తే పని మానలేదు. ఈ పద్ధతిలో విశ్వాసం ఒకానొక ముహూర్తంలో జరిగిన నిర్ణయం అవుతుంది, ఆ తరువాతి జీవితమంతా ఆ నిర్ణయపు ఫలితం అవుతుంది. విధేయతకు పికెట్ పుస్తకంలో చోటు లేకపోలేదు. ఆరాధనకు హాజరు, కానుకలు, విగ్రహారాధన మానడం వంటివన్నీ ఆయన లెక్కగట్టాడు. అయితే వాటిని సాధించిన ప్రగతిగా, పరీక్షలో వచ్చిన మార్కులుగా లెక్కగట్టాడే తప్ప, నమ్మకాన్ని పుట్టించే కారణంగా చూడలేదు. చేరినప్పటి ఉద్దేశమే తరువాతి ఎదుగుదలను నిర్ణయించదని పికెట్ స్వయంగా ఒప్పుకున్నమాట నిజమే. ఆ ఒప్పుకోలు తన ప్రశ్ననే నిరర్థకం చేస్తుందని ఆయన గుర్తించలేదు.

పికెట్ కంటే ముప్పై నాలుగేళ్ల ముందే ఇంతకంటే మేలైన సాక్ష్యం అచ్చయి ఉంది. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పుస్తకం వృద్ధ మాదిగ క్రైస్తవుల నోటి జ్ఞాపకాలపై ఆధారపడినది. ఆమె భర్త జాన్ ఎవరెట్ క్లౌ జీవితకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' ఆయన మరణానంతరం 1914లో వచ్చింది. ఒంగోలు ప్రాంతంలో నేటికీ క్లౌ దొరగా చెప్పుకునే ఈ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు చేరాడు. ఆ ఏడాదే యర్రగుంట్ల పేరయ్య అనే తోలుపనివాడు బాప్తిస్మం పొందాడు. 1867 జనవరిలో పేరయ్య ఊరైన తాళ్లకొండపాడులో మరో 28 మంది పొందారు. చదువు లేని ఈ కొత్త విశ్వాసుల ముందు క్లౌ సిద్ధాంత గ్రంథం పెట్టలేదు, మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈ మూడింటినీ మిషనరీ సంస్కరణలుగా ఒక వాక్యంలో ప్రస్తావించి దాటిపోవడం పరిశోధకులకు అలవాటైంది. ఆ కాలపు గ్రామ ఆర్థిక వ్యవస్థలో వీటిని నిలిపి చూస్తే ఒక్కొక్కటి ఒక్కొక్క జీవన్మరణ సమస్య.

ఆదివారం సంగతే ముందు చూడాలి. మాదిగ కుటుంబం ఒక ఆసామికి, అంటే భూమిగల రైతుకు, తరతరాలుగా కట్టుబడి ఉండేది. మోటకు తోలు బాన, ఎద్దులకు వార్లు, ఇంటిల్లిపాదికి చెప్పులు కుట్టి ఇవ్వడం, నాట్లకు కోతలకు పిలిచిన వెంటనే వెళ్లడం ఆ కట్టుబాటులో భాగం. ప్రతిఫలంగా కళ్లంలో ధాన్యం తూర్పారబట్టాక మేర అనే వాటా దక్కేది. రోజుకూలి నగదు అరుదైన ఆ లోకంలో మేరే ఏడాది తిండి. అటువంటి మనిషి ఏడు రోజులకొకసారి, ఆసామి పొలంలో పదునున్నా లేకున్నా, పంట నేలకొరిగినా, ఈ రోజు రానని చెప్పడం సెలవు తీసుకోవడంతో సమానం కాదు. ఆ మాట అన్నవాడు తన ఏడాది తిండిని పణంగా పెట్టాడు. మాదిగవాడి కాలం మీద ఊరికి ఉన్న సంపూర్ణ హక్కును అతడు ఏడింట ఒక వంతు తిరస్కరించి, ఆ వంతు మీద మరొక యజమాని హక్కును ప్రకటించాడు. ఆ ప్రకటనకు అతడి దగ్గర ఏ తర్కమూ లేదు, దశాజ్ఞల వ్యాఖ్యానమూ లేదు. దేవుడు చెప్పాడు కాబట్టి వెళ్లడు, వెళ్లకపోతే తిండి ఎలాగన్నది దేవుడే చూసుకోవాలి. ఆదివారం గడిచి సోమవారం నాడు పొయ్యి వెలిగినప్పుడు, అలా యాభై ఆదివారాలు గడిచినప్పుడు, అతడికి నమ్మకం అనేది అనుభవంగా చేతికొచ్చింది. యోహాను సువార్త 7:17 చెప్పే క్రమం, అంటే చిత్తం చొప్పున చేయగోరినవాడికే బోధ ఎక్కడిదో తెలుస్తుందన్న క్రమం, ఇంత నిక్కచ్చిగా నెరవేరిన సందర్భం సంఘ చరిత్రలో తక్కువ.

రెండో నియమం శరీరానికి మరింత దగ్గరది. ఊళ్లో పశువు చస్తే దాన్ని ఈడ్చుకుపోవడం మాదిగవాడి బాధ్యత, చర్మం అతడి వృత్తికి ముడిసరుకు, మాంసం అతడి హక్కు. కరువు నేలలో ఆ మాంసం ఇంటిల్లిపాదికీ కడుపునిండా దొరికే అరుదైన తిండి. క్రైస్తవులైనవారు తోలుపని మానలేదు, మాంసం మాత్రం మానారు. ఒకే కళేబరంలో బతుకుతెరువును ఉంచుకుని తిండిని వదులుకోవడమనే ఈ సున్నితమైన విభజనను పై కులాల అనుకరణగా చదవడం పరిశోధకులలో బాగా పాతుకుపోయింది. అనుకరణే అయితే ముందు వదలవలసింది అంటరానితనానికి ముద్రగా ఉన్న తోలును.

మూడో నియమం గ్రామదేవత ముందు తప్పెట మోగించడం దగ్గర తేలింది. పోలేరమ్మ కొలుపుకు మాదిగ తప్పెట లేనిదే పని జరగదు. కలరా, మశూచి వచ్చినప్పుడు అమ్మవారిని శాంతింపజేసే బాధ్యతలో ఊరంతా భాగస్తులు. తప్పెట కొట్టనన్న క్రైస్తవుడు ఊరి క్షేమాన్నే తోసిపుచ్చినట్టు కనిపించాడు. నీళ్లు తోడనివ్వకపోవడం, మేర ఎగ్గొట్టడం, కొట్టడం, అబద్ధపు దొంగతనం కేసులు పెట్టించడం వంటి శిక్షలు ఎక్కువగా ఇక్కడే మొదలయ్యాయి. అమ్మవారి కోపం తగిలితే తన బిడ్డలే ముందు పోతారన్న భయం ఆ క్రైస్తవుడి లోపల పూర్తిగా చావలేదన్నది గుర్తుంచుకోవలసిన విషయం. భయం ఉండగానే అతడు తప్పెటను గోడకు వేలాడదీశాడు. భయం పోయాక లోబడడం కాకుండా లోబడుతూ భయాన్ని పోగొట్టుకోవడమే ఇక్కడ కనిపించే క్రమం. అయితే అందరూ ఈ నియమాలపై నిలబడ్డారని కాదు, ఆదివారం పనికి వెళ్లినవారూ, రహస్యంగా కొలుపుకు తప్పెట పట్టినవారూ ఉన్నారు.

ఈ క్రమం మాదిగలకు ఎక్కడి నుంచి అబ్బిందన్న ప్రశ్నకు పేరయ్య జీవితమే జవాబు. క్రైస్తవుడు కాకముందు పేరయ్య రాజయోగ సంప్రదాయపు గురువులను ఆశ్రయించి, చెప్పిన సాధన చేసి, తనవద్దకు వచ్చినవారికి తానూ చెప్పిన మనిషి. కులభేదం పాటించని అటువంటి గురుపరంపరలు ఆనాటి తెలుగు నేలపై మాల మాదిగ పల్లెల్లోకి బాగా చొచ్చుకుపోయి ఉండేవి. గురువు మాట ముందు పాటించాలి, అర్థం సాధనలో తెలుస్తుంది అన్నది ఆ పరంపరల మౌలిక నియమం. కాబట్టి క్రీస్తును గురువుగా అంగీకరించిన పేరయ్యకూ అతడి వెంట వచ్చినవారికీ, ముందు గ్రహించి, ఆపైన ఒప్పుకుని, ఆ తరువాత ఆచరించాలనే పాశ్చాత్య ప్రొటెస్టెంటు వరుస పరాయిది. జర్మన్ దైవశాస్త్రవేత్త డీట్రిక్ బోన్‌హోఫర్ 1937లో శిష్యత్వంపై రాసిన గ్రంథంలో విశ్వాసాన్ని విధేయత నుంచి విడదీయరాదనీ, మొదటి అడుగు వేసినవాడికే విశ్వసించే స్థితి ఏర్పడుతుందనీ వాదించి యూరప్ దైవశాస్త్రాన్ని కదిలించాడు. తాళ్లకొండపాడు తోలుపనివారు ఆ దైవశాస్త్రాన్ని అంతకు డెబ్బై ఏళ్ల ముందే ఆచరించి చూపారు. తెలుగు దైవశాస్త్రం అంటూ ఒకటి రాయవలసి వస్తే దాని మొదటి అధ్యాయం అక్కడే మొదలు కావాలి.

1876–78 నాటి ధాత కరువును మాత్రం ఎవరూ దాటిపోలేరు. తిండి కోసం సంఘంలో కలిశారన్న ఆరోపణకు ఆధారం అదే. అప్పుడు క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కంట్రాక్టు తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, వేలమందికి పని కల్పించాడు. అయితే ఆ కరువు పని సాగిన ఏడాదికి పైగా కాలం ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని ముగిశాక, ఇక పంచడానికి ఏమీ లేనప్పుడు, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మందికి బోధకులు బాప్తిస్మం ఇచ్చారు. ఆ ఏడాది చివరికి బాప్తిస్మం పొందినవారి సంఖ్య 9,606కు చేరింది. కూలి అందుతున్న కాలంలో నిరాకరణ, కూలి ఆగిన తరువాత ప్రవేశం జరిగాయన్న ఈ ఒక్క వాస్తవంతో తిండి వాదం కూలిపోతుంది.

ఇంతవరకు చెప్పినదంతా పొలంలో, కళ్లంలో, ఊరి నడుమ మగవారు చేసిన తిరస్కారాల గురించి. పొయ్యి దగ్గర ఆడవారు పాటించిన విధేయత ఇంతకంటే నిశ్శబ్దమైనది, ఇంతకంటే దీర్ఘమైనది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, వారం తిరిగేసరికి పోగైనది ఆదివారం మందిరానికి తెచ్చి కానుకగా పోయడం పిడికెడు బియ్యం అనే ఆచారం. తెలుగు సంఘాల్లో శాఖాభేదం లేకుండా ఇది వేళ్లూనుకుంది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య దోర్నకల్ మండలంలో పేదలైనా సరే తమ కాపరిని తామే పోషించుకోవాలన్న పట్టుదలతో ఇటువంటి కానుకలను ప్రోత్సహించాడు, క్రైస్తవ దాతృత్వంపై ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. నెలజీతం ఉన్నవాడికి దశమభాగం తీయడానికి ముందు మొత్తం లెక్క తెలుస్తుంది. కూలికి పోయి తెచ్చిన బియ్యం కుండలో ఎన్ని పూటలకు వస్తాయో తెలియని స్త్రీ ముందు పిడికెడు తీసి, ఆ తరువాతే ఎసట్లో పోసింది. మిగిలితే ఇవ్వడం కాకుండా చాలుతుందో లేదో తెలియకముందే ఇవ్వడం వల్ల, వండిన ప్రతిపూటా ఆమె దేవుణ్ని నమ్మవలసి వచ్చింది. ఈ స్త్రీలలో చాలామంది క్రైస్తవ కుటుంబాల్లో పుట్టి క్రైస్తవ కుటుంబాల్లో మెట్టినవారు. పికెట్ పట్టికలో వీరంతా జన్మతః అన్న నాలుగో గంపలో పడి అక్కడితో ముగిసిపోతారు, వారిని అడగవలసిన ప్రశ్నే లేకుండా పోతుంది. తెలుగు సంఘం శతాబ్దానికి పైగా నిలబడింది వారి పిడికిళ్ల మీద.

చట్టం కూడా ఈ విధేయతకు వెల కట్టింది. 1950 నాటి రాజ్యాంగ ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ విస్తరించినా క్రైస్తవులకు విస్తరించలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారు బి.సి. 'సి' వర్గంలో ఒక్క శాతం రిజర్వేషనుతో సరిపెట్టుకోవలసి ఉంది. మేర ఎగ్గొట్టిన ఆసామి స్థానంలో ఇప్పుడు కుల ధ్రువీకరణ పత్రం ఉంది. పత్రంలో ఒకటి రాసుకుని మందిరంలో మరొకటి ఒప్పుకునే కుటుంబాలను అవిశ్వాసులని తీర్పు తీర్చడం అన్యాయం, ఎందుకంటే ఆ వెలను వారి మీద మోపింది రాజ్యం. అయినా వెల తెలిసి, పిల్లవాడి సీటు పోతుందని తెలిసి, మతం గడిలో క్రైస్తవం అని రాసిన కుటుంబాలు ప్రతి మండలంలో ఉన్నాయి. సంఘాల్లో ఈనాడు ప్రబలిన దీవెనల బోధ, అంటే నమ్మితే ఉద్యోగం, వీసా, ఇల్లు వస్తాయనే బోధ, ఈ కుటుంబాలకు చెప్పగలిగింది ఏమీ లేదు. వచ్చినదాన్ని బట్టి విశ్వాసాన్ని కొలిచే ఆ బోధా, ఏం ఆశించి వచ్చారని అడిగిన పికెట్ ప్రశ్నా ఒకే వేరు నుంచి పుట్టినవి. ఒంగోలు, కనిగిరి, దోర్నకల్ ప్రాంతాల పాత మందిరాల్లో సంఘపెద్దల సభల నమోదు పుస్తకాలు, క్రమశిక్షణ తీర్మానాలు, పిడికెడు బియ్యం లెక్కలు ఎక్కడెక్కడ మిగిలి ఉన్నాయో వెదకి, అవి చెదలపాలు కాకముందే చదవడం పరిశోధకులు తక్షణం చేయవలసిన పని. ఎందుకు వచ్చావని ఎవరూ అడగని మనుషులు ఆదివారం ఆసామికి ఏం చెప్పారో ఆ పుస్తకాల్లోనే దొరకాలి.