ప్రకటనల ఖాతాకు కన్నం.. కార్డుపై భారం
* హ్యాకింగ్ జరిగితే తొలి గంటే కీలకం
* మూడు పనిదినాల్లోగా బ్యాంకుకు ఫిర్యాదు చేయడం ముఖ్యం

చీరల దుకాణం, కోచింగ్ కేంద్రం, పచ్చళ్ల తయారీ, స్థిరాస్తి సంస్థ.. వ్యాపారం ఏదైనా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, గూగుల్‌లలో ప్రకటన ఇవ్వడం జిల్లా కేంద్రాల నుంచి మండల కేంద్రాల వరకు సాధారణమైంది. ఆ ప్రకటనల ఖాతాకు జతచేసిన బ్యాంకు కార్డే మోసగాళ్లకు లక్ష్యంగా మారింది. ఖాతాను చేజిక్కించుకొని, యజమాని సొమ్ముతో తమ ప్రకటనలు నడిపిస్తున్నారు. తెల్లవారేసరికి వేలు, ఒక్కోసారి లక్షల రూపాయలు ఖర్చయిపోతాయి. అలాంటప్పుడు ముందుగా ఏం చేయాలి, ఎవరికి ఫిర్యాదు చేయాలి, సొమ్ము తిరిగి రాబట్టుకునే మార్గాలేమిటి అన్న అంశాలపై కథనం.

మోసం జరిగే తీరు
వ్యాపార ఖాతాను నేరుగా ఛేదించడం కంటే దాన్ని నడిపే వ్యక్తిని బోల్తా కొట్టించడమే మోసగాళ్లకు సులువు. ఫేస్‌బుక్ ప్రకటనల ఖాతాకు దారి నిర్వాహకుడి వ్యక్తిగత ప్రొఫైల్ గుండానే ఉంటుంది. అందువల్ల యజమాని ఎంత జాగ్రత్తగా ఉన్నా, నిర్వాహక హక్కులున్న ఉద్యోగి ఒక్కరు మోసపోతే చాలు. ‘నిబంధనలు ఉల్లంఘించినందున మీ పేజీ రద్దవుతుంది’ అంటూ వచ్చే నకిలీ సందేశాలు, లాగిన్ పేజీని పోలిన నకిలీ పేజీలు, కొటేషన్ లేదా ఉద్యోగ దరఖాస్తు పేరిట పంపే ఫైళ్లు ఇందుకు సాధనాలు.

కొన్ని ఫైళ్లలో దాగిన వైరస్ కంప్యూటర్‌లోని బ్రౌజర్ నుంచి లాగిన్ కుకీలను దొంగిలిస్తుంది. అవి చిక్కితే పాస్‌వర్డ్, ఓటీపీ లేకుండానే ఖాతాలోకి ప్రవేశించవచ్చు. 2022లో బయటపడిన ‘డక్‌టెయిల్’, 2023లో వెలుగుచూసిన ‘నోడ్‌స్టీలర్’ ఈ కోవకు చెందినవే. ఈ తరహా దొంగతనంతో 3.6 కోట్ల డాలర్లకు పైగా విలువైన అనధికార ప్రకటనలు నడిపారంటూ 2021 జూన్‌లో ఫేస్‌బుక్ సంస్థ వియత్నాంకు చెందిన నలుగురిపై అమెరికాలో దావా వేసింది.

చిన్న మొత్తాలుగా కోత
ప్రకటనల ఖర్చు నిర్ణీత పరిమితికి చేరిన ప్రతిసారీ కార్డు నుంచి సొమ్ము వసూలు చేయడం ఈ సంస్థల పద్ధతి. సకాలంలో చెల్లించే ఖాతాదారుకు ఆ పరిమితి క్రమంగా పెరుగుతుంది. అందువల్ల ఎప్పుడూ చూసే సంస్థ పేరుతోనే, వెంటవెంటనే పలు మొత్తాలు తగ్గినట్లు సందేశాలు వస్తాయి. మామూలు బిల్లే అనుకొని పట్టించుకోకపోతే నష్టం పెరుగుతుంది. తెలియని ప్రకటన కనిపించడం, కొత్త నిర్వాహకుడు చేరడం, రోజువారీ బడ్జెట్ హఠాత్తుగా పెరగడం ప్రమాద సంకేతాలు.

తొలి గంటలో చేయవలసినవి
మొదట కార్డుకు అడ్డుకట్ట వేయాలి. ఖాతాలో బకాయి ఉన్నప్పుడు ప్రకటనల సంస్థ కార్డును తొలగించనివ్వకపోవచ్చు. కాబట్టి బ్యాంకు యాప్‌లోనే ఆన్‌లైన్, అంతర్జాతీయ లావాదేవీలను నిలిపివేయాలి. రోజంతా అందుబాటులో ఉండేలా ఈ సదుపాయం కల్పించాలని 2020 జనవరిలోనే రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అనంతరం కార్డును పూర్తిగా బ్లాక్ చేయించి కొత్తది తీసుకోవాలి.

కార్డు ఆగినంత మాత్రాన ప్రకటనలు ఆగిపోతాయని భావించరాదు. ఈలోగా అయిన ఖర్చు ఖాతాలో బకాయిగా నమోదవుతుంది. అందువల్ల వెంటనే ఖాతాలోకి వెళ్లి ప్రకటనలన్నింటినీ నిలుపుదల చేయాలి. వాటిని తొలగించరాదు. అవే సాక్ష్యాలు. ప్రకటనల పేర్లు, తేదీలు, ఖర్చు, మార్పుల చరిత్ర, బిల్లుల లావాదేవీ సంఖ్యలను స్క్రీన్‌షాట్లు తీసి భద్రపరచాలి.

ఆ తర్వాత వైరస్ లేదని నమ్మకమున్న మరో కంప్యూటర్ లేదా ఫోన్ నుంచి ఈమెయిల్ పాస్‌వర్డ్, తదుపరి ప్రకటనల ఖాతా పాస్‌వర్డ్ మార్చాలి. అన్ని పరికరాల నుంచి లాగవుట్ కావాలి. కుకీల దొంగతనానికి ఇదే విరుగుడు. అపరిచిత నిర్వాహకులను, కొత్తగా చేరిన ఫోన్ నంబర్లను, భాగస్వామి ఖాతాలను తొలగించాలి. అనుమానం ఉన్న కంప్యూటర్‌ను శుభ్రపరిచేవరకు అందులో లాగిన్ కారాదు.

ప్రకటనల సంస్థకు ఫిర్యాదు
ఖాతా హ్యాక్ అయిందని తెలపడానికి గూగుల్, మెటా సంస్థలు తమ సహాయ కేంద్రాల్లో ప్రత్యేక ఫారాలు ఉంచాయి. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అనధికార ప్రకటనలు నడిచాయో, ఎంత మొత్తం వసూలైందో పట్టిక రూపంలో ఇస్తే విచారణ సులభమవుతుంది. హ్యాకింగ్ నిర్ధారణ అయితే సొమ్ము వాపసు ఇచ్చిన దాఖలాలు ఉన్నాయి. ఇటువంటి ఒక కేసులో బాధితులకు 40 లక్షల డాలర్లకు పైగా తిరిగి చెల్లించినట్లు 2019 డిసెంబరులో ఫేస్‌బుక్ వెల్లడించింది.

ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించే ‘కస్టమర్ కేర్’ నంబర్లకు ఫోన్ చేయరాదు. ‘ఖాతా తిరిగి ఇప్పిస్తాం’ అంటూ రుసుము అడిగేవారు రెండో విడత మోసగాళ్లే.

బ్యాంకులో గడువు ముఖ్యం
అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీలపై రిజర్వు బ్యాంకు 2017 జులై 6న మార్గదర్శకాలు జారీ చేసింది. వాటి ప్రకారం తప్పు బ్యాంకుది గానీ, ఖాతాదారుది గానీ కాని సందర్భంలో, సమాచారం అందిన 3 పనిదినాల్లోగా ఫిర్యాదు చేస్తే ఖాతాదారుపై భారం ఉండదు. 4 నుంచి 7 పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే భారం పరిమితం. సాధారణ పొదుపు ఖాతాలకు, సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కరెంటు ఖాతాలకు, రూ.5 లక్షల వరకు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డులకు గరిష్ఠంగా రూ.10 వేలు. అంతకుమించి ఆలస్యమైతే బ్యాంకు విధానమే వర్తిస్తుంది. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లోగా వివాదాస్పద మొత్తాన్ని తాత్కాలికంగా జమచేయాలని, 90 రోజుల్లోగా తేల్చాలని కూడా అందులో నిర్దేశించారు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. దొంగిలించింది కార్డును కాదు, కార్డు జతచేసిన ఖాతాను. ‘మీరు అనుమతించిన సంస్థే వసూలు చేసింది’ అని బ్యాంకు వాదించవచ్చు. ఓటీపీ లేదా పాస్‌వర్డ్‌ను స్వయంగా చెప్పినట్లు తేలితే, ఫిర్యాదుకు ముందు జరిగిన నష్టమూ ఖాతాదారుదే. కాబట్టి ప్రకటనల సంస్థకు చేసిన ఫిర్యాదు ప్రతిని, హ్యాకింగ్‌ను ధ్రువీకరిస్తూ వచ్చిన సమాధానాన్ని బ్యాంకుకు సమర్పించడం అవసరం. ఛార్జ్‌బ్యాక్ కోరితే ప్రకటనల ఖాతాను సంస్థ సస్పెండ్ చేసే అవకాశం ఉందని కూడా గుర్తుంచుకోవాలి. ఆ భయంతో బ్యాంకుకు సమాచారం ఇవ్వడం మాత్రం ఆపరాదు.

30 రోజుల్లో బ్యాంకు స్పందించకపోయినా, సమాధానం సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు.

పోలీసులకు సమాచారం
జాతీయ సైబర్ నేరాల సహాయ కేంద్రం 1930కి ఫోన్ చేసి గానీ, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు నమోదు చేయాలి. సమీప పోలీస్‌స్టేషన్‌లోనూ ఇవ్వవచ్చు. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడుకుంటే ఐటీ చట్టంలోని 66సీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, రూ.లక్ష వరకు జరిమానా విధించవచ్చు. ఈ మోసంలో సొమ్ము దొంగ బ్యాంకు ఖాతాకు కాక ప్రకటనల సంస్థకు చేరుతుంది. కాబట్టి 1930 ద్వారా సొమ్మును స్తంభింపజేయడం అన్ని వేళలా సాధ్యం కాదు. అయినా ఫిర్యాదు సంఖ్య బ్యాంకు వద్ద, ప్రకటనల సంస్థ వద్ద బలమైన ఆధారం.

లెక్కల్లోనూ జాగ్రత్త
దేశీయ ప్రకటనల బిల్లులపై 18 శాతం జీఎస్టీ పడుతుంది. సొమ్ము వాపసుతోపాటు క్రెడిట్ నోట్ వస్తే, ఆ బిల్లుపై అప్పటికే తీసుకున్న ఇన్‌పుట్ పన్ను రాయితీని సరిచేయించాలి.

ముందు జాగ్రత్తలే రక్ష
* నిర్వాహకులందరికీ రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి చేయాలి.
* మానేసిన ఉద్యోగులు, ఒప్పందం ముగిసిన ఏజెన్సీల హక్కులను అదే రోజు తొలగించాలి.
* నమ్మకస్తులైన ఇద్దరికి మించి పూర్తి నిర్వాహక హక్కులు ఇవ్వరాదు. ఒక్కరికే ఇస్తే, ఆ ఖాతా పోయిననాడు మొత్తం పోతుంది.
* ప్రకటనలకు తక్కువ పరిమితి ఉన్న ప్రత్యేక కార్డు వాడాలి. వీలున్నచోట ముందుగా సొమ్ము జమచేసే పద్ధతి ఎంచుకుంటే నష్టం ఆ నిల్వకే పరిమితం.
* ఖాతాలో వ్యయ పరిమితి విధించుకొని, బ్యాంకు సందేశాలను ఏ రోజుకారోజు సరిచూసుకోవాలి.