గడ్డకట్టని పైపొర: పలుచని పాలిమర్ పొరల పుట్టుపూర్వోత్తరాలు

కిలో బంగారమైనా, గురివింద గింజ ఎత్తు బంగారమైనా 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. కరిగే వేడి పదార్థం స్వభావాన్ని బట్టి ఉంటుందని, పరిమాణాన్ని బట్టి కాదని బడిలో చదువుకుంటాం. కంసాలి కుంపటి దగ్గర ఈ మాటకు తిరుగులేదు. కానీ 1976లో స్విట్జర్లండ్‌లోని లోజాన్‌లో బుఫా, బొరెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొద్ది నానోమీటర్ల బంగారు రేణువులను వేడిచేసి చూస్తే, అవి వందల డిగ్రీల ముందే కరిగిపోయాయి. నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు. రేణువు అంత చిన్నదయ్యేసరికి అందులోని పరమాణువుల్లో పెద్ద భాగం ఉపరితలం మీదే ఉంటుంది. ఉపరితలం మీది పరమాణువును పట్టి ఉంచడానికి ఒక వైపు పొరుగువాళ్ళే లేరు.

లోహాల సంగతి ఇలా ఉంటే ప్లాస్టిక్కుల మాటేమిటి? వాటిని కూడా నానోమీటర్ల మందానికి పలచబరిస్తే గుణం మారుతుందా? ఈ ప్రశ్నకు మొదటి గట్టి కొలత 1994లో వచ్చింది. దానితో మొదలైన వాదం మూడు దశాబ్దాలు నడిచింది. ఆ వాదానికి కేంద్రం పాలిస్టైరీన్. మన ఊళ్ళలో పెళ్ళిపందిరి అలంకరణలకు వాడుతూ వచ్చిన థర్మోకోల్ అదే పదార్థం, కాకపోతే గాలి నింపి ఉబ్బించింది.

నూనె ముద్ద కట్టిన కథ

1839లో బెర్లిన్‌లో ఎడ్వర్డ్ సైమన్ అనే ఔషధాల తయారీదారు స్టోరాక్స్ అనే సువాసన బంకను మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి ఒక నూనె తీశాడు. దానికి స్టైరాల్ అని పేరు పెట్టాడు. కొన్నాళ్ళు నిలవ ఉంచితే ఆ నూనె చిక్కబడి ముద్ద కట్టింది. గాలిలోని ఆక్సిజన్ కలిసిందని అతను అనుకున్నాడు. 1845లో జాన్ బ్లైత్, హాఫ్‌మన్ కలిసి పరీక్షించి ఆక్సిజన్ ప్రమేయమేమీ లేదని తేల్చారు. నూనెలో ఏ మూలకాలు ఏ పాళ్ళలో ఉన్నాయో ముద్దలోనూ అవే ఉన్నాయి. మరి ద్రవం ఎందుకు గట్టిపడింది?

జవాబుకు 1920 దాకా ఆగాల్సి వచ్చింది. చిన్న అణువులు వేల సంఖ్యలో చేతులు కలిపి పొడవాటి గొలుసులవుతాయని హెర్మన్ స్టౌడింగర్ అన్నాడు. అంత పెద్ద అణువులుండవని సాటి రసాయనవేత్తలు చాలామంది కొట్టిపారేశారు. చివరికి నెగ్గింది ఆయన మాటే. ఆ గొలుసులనే పాలిమర్లంటాం; సైమన్ చూసిన ముద్ద పాలిస్టైరీన్. 1953లో నోబెల్ బహుమతి ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. అప్పటికి జర్మనీలో ఐ.జి. ఫార్బెన్ సంస్థ పాలిస్టైరీన్‌ను కర్మాగారంలో తయారుచేయడం మొదలుపెట్టి రెండు దశాబ్దాలు దాటింది.

పాలిస్టైరీన్ గొలుసులు నీటిలా స్ఫటికాలుగా గడ్డకట్టవు. చల్లారేకొద్దీ వాటి కదలిక మందగిస్తుంది. 100 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి ఏ అమరికా లేకుండానే ఎక్కడివక్కడ బిగుసుకుంటాయి. కిటికీ అద్దం గట్టిగా ఉండేదీ ఇలాగే; అందుకే దీన్ని గాజు స్థితి అంటారు. ఈ మలుపును గ్లాస్ ట్రాన్సిషన్ అంటారు. వేడికి పదార్థం ఎంత వ్యాకోచిస్తుందో గ్రాఫు గీస్తే, గీత వాలు మారే చోటే ఆ ఉష్ణోగ్రత.

1950లో ఫాక్స్, ఫ్లోరీ ఒక సంగతి గమనించారు. గొలుసులు పొట్టివైతే ఈ ఉష్ణోగ్రత తగ్గుతుంది. గొలుసు చివర్లకు నడుమ భాగం కన్నా స్వేచ్ఛ ఎక్కువ. పొట్టి గొలుసులున్న చోట చివర్లూ ఎక్కువే. 1965లో ఆడమ్, గిబ్స్ ఇంకో అడుగు వేశారు. గాజు స్థితి దగ్గరపడ్డప్పుడు ఏ అణువూ ఒంటరిగా కదలలేదని, చుట్టుపక్కల గుంపంతా కలిసి సర్దుకోవాలని, చల్లారేకొద్దీ ఆ గుంపు పెద్దదవుతుందని సిద్ధాంతీకరించారు. కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సులో నడిమధ్య ఇరుక్కున్న మనిషి చెయ్యి కదపాలంటే చుట్టూ పదిమంది ఒత్తిగిలాలి. ఫుట్‌బోర్డు మీద వేలాడే మనిషికి ఒక వైపంతా ఖాళీ. వెనక సీటు రాడ్డును కరుచుకున్న మనిషి అసలు కదలడు. పలుచని పొరల మీద ఆ తర్వాత జరిగిన పరిశోధనంతా ఈ ముగ్గురి గురించే.

ఫారడే మంచుగడ్డలు

గట్టి పదార్థం పైన మెత్తని పొర ఉండవచ్చన్న ఊహ పాలిమర్ల కన్నా పాతది. 1850లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఉపన్యాసంలో మైకేల్ ఫారడే మంచుగడ్డల ప్రస్తావన తెచ్చాడు. రెండు గడ్డలను తాకిస్తే అతుక్కుపోతాయి. మంచు మీద ఎప్పుడూ సన్నని నీటిపొర ఉంటుందని, రెండు గడ్డల మధ్య చిక్కిన ఆ పొర గడ్డకట్టి వాటిని అతుకుతుందని ఆయన వివరణ. జేమ్స్ థామ్సన్ ఒప్పుకోలేదు. ఒత్తిడి వల్లే మంచు కరిగి మళ్ళీ గడ్డకడుతుందన్నాడు. ఎటూ తేల్చే పరికరాలు అప్పట్లో లేవు.

1954లో జపాన్‌కు చెందిన మియెకో తకాగి పలుచని సీసం, తగరం, బిస్మత్ పొరలు మామూలు కన్నా తక్కువ వేడికే కరుగుతాయని ఎలక్ట్రాన్ కిరణాలతో చూపింది. 1985లో ఫ్రెంకెన్, వాన్ డెర్ వీన్ సీసం స్ఫటికం మీద అయాన్లను ప్రయోగించి, లోపలి భాగం ఇంకా గట్టిగా ఉండగానే పైపొర అమరిక చెదిరి ద్రవమవుతుందని నిరూపించారు. ఫారడే ఊహకు ఆ విధంగా బలం చేకూరింది.

కేంబ్రిడ్జ్, 1994

ఆడమ్, గిబ్స్ చెప్పిన గుంపు ఎంత పెద్దది? దాన్ని నేరుగా చూసే దారి లేదు. అయితే పదార్థాన్ని ఆ గుంపు కన్నా ఇరుకైన చోట బంధిస్తే గుణం మారాలి కదా! ఈ ఆలోచనతోనే 1991లో అమెరికాలో జాక్సన్, మెకెన్నా కొన్ని కర్బన ద్రవాలను నానోమీటర్ల వెడల్పున్న రంధ్రాల్లో నింపి చల్లార్చారు. రంధ్రం సన్నబడేకొద్దీ గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత దిగిపోయింది.

పాలిమర్లకు రంధ్రాలతో పనిలేదు, పలుచగా పూస్తే చాలు. టొలుయీన్‌లో కరిగించిన పాలిస్టైరీన్‌ను సిలికాన్ పలక మీద పోసి వేగంగా తిప్పితే ద్రావకం ఆవిరై, అద్దంలాంటి పొర మిగులుతుంది. చిప్‌ల తయారీలో రోజూ చేసే పనే ఇది. మందం కొలవడానికి ఎలిప్సోమెట్రీ ఉంది. పొర మీద పడి తిరిగొచ్చిన కాంతి ధ్రువణం ఎంత మారిందో చూసి మందం లెక్కగట్టే ఈ పద్ధతికి 19వ శతాబ్దం చివర్లో పాల్ డ్రూడె పునాది వేశాడు.

కేంబ్రిడ్జ్‌లోని కావెండిష్ ప్రయోగశాలలో జోసెఫ్ కెడీ, రిచర్డ్ జోన్స్, కోరీ ఈ రెండిటినీ కలిపారు. పొరను వేడిచేస్తూ మందం ఎలా పెరుగుతోందో చూసి, గీత వాలు మారే చోటు పట్టుకున్నారు. పొర 40 నానోమీటర్ల కన్నా పలచబడ్డాక ఆ చోటు కిందికి జారడం మొదలైంది. 10 నానోమీటర్ల దగ్గర తేడా సుమారు 25 డిగ్రీలు. విచిత్రమేమిటంటే గొలుసులు పొడవైనా పొట్టివైనా ఫలితం ఒకటే. కాబట్టి ఇరుకు పొరలో గొలుసు నలిగిపోవడం కారణం కాదు. పొర పైన, గాలి తగిలే వైపు, ద్రవంలా కదిలే పొర ఉందని వాళ్ళు ప్రతిపాదించారు. ఫారడే మంచుకు చెప్పినదాన్ని వీళ్ళు గాజుకు చెప్పారు.

అదే ఏడాది అదే బృందం పీఎంఎంఏ అనే మరో పాలిమర్‌తో పరీక్ష చేసింది. యాక్రిలిక్ షీట్లు చేసేది దీనితోనే. బంగారం మీద పూస్తే ఉష్ణోగ్రత తగ్గింది. ఆక్సైడు పొర ఉన్న సిలికాన్ మీద పూస్తే కాస్త పెరిగింది! ఆ ఆక్సైడుతో పీఎంఎంఏ గొలుసులు హైడ్రోజన్ బంధాలు వేసుకుంటాయి. పట్టు దొరికిన గొలుసు కదలడం మానేస్తుంది. అంటే గాలి వైపు ముఖం వదులు చేస్తుంది, కింది పలక బిగిస్తుంది. రెంటిలో ఏది బలమైతే పొర గుణం అటు మొగ్గుతుంది.

పలకే లేకపోతే?

కింది పలకను తీసేసి రెండు వైపులా గాలే ఉంటే? కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో ఫారెస్ట్, డాల్నోకీ-వెరెస్, స్టీవెన్స్, డచర్ ఆ పనే చేశారు. పొరను నీటి మీద తేలదీసి, చిల్లు ఉన్న పలకతో ఎత్తి, గాలిలో బిగించి నిలబెట్టారు. 1996లో వెలువడిన ఫలితం అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. 29 నానోమీటర్ల పొరలో గ్లాస్ ట్రాన్సిషన్ 70 డిగ్రీలు పడిపోయింది. మరిగే నీళ్ళ వేడికి గాని మెత్తబడని ప్లాస్టిక్ ఎండాకాలపు గది వేడికే మెత్తబడిందన్నమాట.

పైగా ఇక్కడ పొడవాటి గొలుసులకు ఫలితం గొలుసు పొడవును బట్టి మారింది. ఎందుకన్నది చిక్కుప్రశ్నే. నోబెల్ గ్రహీత పియర్ జిల్ ద జెన్ 2000లో ఒక ఊహ ముందుకు తెచ్చాడు. గొలుసులో కొంత భాగం ఉపరితలాన్ని తాకుతూ ఉంటే, అక్కడ దొరికిన వదులు గొలుసు వెంబడే జారి లోపలికి చేరుతుందని. అందంగా ఉన్నా, ఇది అన్ని కొలతలకూ సరిపోలేదు.

ఈలోగా వ్యతిరేక సాక్ష్యాలూ పోగయ్యాయి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఫ్రీడ్రిష్ క్రెమర్ బృందం విద్యుత్ క్షేత్రంలో గొలుసు ముక్కల కదలికను కొలిచి, అతి పలుచని పొరల్లోనూ మార్పేమీ లేదంది. ఎవరు తప్పు? బహుశా ఎవరూ కాదు. 2005లో జహ్రా ఫఖ్రాయి, జేమ్స్ ఫారెస్ట్ ఒకే పొరను వేర్వేరు వేగాలతో చల్లార్చి చూశారు. వేగంగా చల్లారిస్తే మందం ప్రభావం దాదాపు మాయమైంది. నెమ్మదిగా చల్లారిస్తే కొట్టొచ్చినట్టు కనబడింది. వేగంగా చల్లార్చిన పొర ఎక్కువ వేడి దగ్గరే బిగుసుకుంటుంది. అలా ఎక్కువ వేడి దగ్గర వడివడిగా కదిలే అణువులను కొలిచినవారికి తేడా కనిపించదు; తక్కువ వేడి దగ్గర బద్ధకించిన అణువులను కొలిచినవారికి కనిపిస్తుంది.

పైపొరను పట్టుకోవడం

సగటు కొలతలతో తగాదా తీరదని తెలిశాక, పొరలో ఏ లోతున ఏం జరుగుతోందో విడివిడిగా చూసే ప్రయత్నాలు మొదలయ్యాయి. 2003లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిసన్, టార్కెల్‌సన్ గొలుసులకు పైరీన్ అనే వెలిగే అణువును తగిలించారు. అలా గుర్తుపెట్టిన పొరను మామూలు పొరల మీద ఒకసారి, మధ్యలో ఒకసారి ఉంచి దాని వెలుగును గమనించారు. అన్నిటికన్నా పైనున్న 14 నానోమీటర్ల పొరలో ఉష్ణోగ్రత 32 డిగ్రీలు తగ్గింది. నడుమ ఇరికిన పొర మామూలు పాలిస్టైరీన్‌లాగే ప్రవర్తించింది. అదే ఏడాది షార్ప్, ఫారెస్ట్ పొర పై ముఖాన్ని కూడా లోహంతో కప్పేశారు. దెబ్బకు తగ్గుదల పోయింది. గాలి తగిలే ముఖమే కారణమనడానికి ఇంతకన్నా సూటి రుజువు దొరకడం కష్టం.

2008లో కెనడాలోని వాటర్లూలో ఫఖ్రాయి, ఫారెస్ట్ చేసిన ప్రయోగం ఈ చరిత్రలో అన్నిటికన్నా ముచ్చటైనది. 20 నానోమీటర్ల బంగారు గుళికలను పాలిస్టైరీన్ మీద కొద్దిగా దిగేలా చేసి, పాదరసంతో బంగారాన్ని కరిగించి తీసేశారు. మిగిలిన గుంటలు ఎంతసేపట్లో పూడతాయో అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్‌తో చూశారు. లోపలంతా రాయిలా బిగుసుకున్న గది ఉష్ణోగ్రత దగ్గర కూడా గుంటలు పూడాయి. 2014లో కెనడా, ఫ్రాన్స్ బృందాలు కలిసి పొర మీద చిన్న మెట్టు కట్టి, అది వాలిపోవడాన్ని గమనించాయి. గ్లాస్ ట్రాన్సిషన్‌కు పైన పొర మొత్తం ప్రవహిస్తుంది. దానికి కింద పైనున్న పలుచని పొర ఒక్కటే ప్రవహిస్తుంది.

ఎందుకీ తాపత్రయం?

చిప్ మీద గీతలు గీయడానికి పూసే ఫోటోరెసిస్ట్ పొరలు ఇప్పుడు పదుల నానోమీటర్లకు దిగాయి. అందులోని గీత పక్కకు వాలిపోకుండా నిలవాలంటే దాని ముఖాలు ఎంత మెత్తనివో తెలియాలి. వాయువులను వేరుచేసే పాలిమర్ పొరల విషయంలోనూ అంతే. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ పాల్ బృందం పలుచని పొరలు మందపు పొరల కన్నా చాలా త్వరగా ముసలివవుతాయని, వాయువును జారనివ్వడం తగ్గిస్తాయని చూపింది.

చెడే కాదు, మంచీ ఉంది. 2007లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఎడిగర్ బృందం పైపొర చురుకుదనాన్ని పనికి పెట్టింది. పదార్థాన్ని ఆవిరిగా మార్చి, గ్లాస్ ట్రాన్సిషన్ కన్నా కాస్త తక్కువ వేడిలో ఉంచిన పలక మీద నిదానంగా పేరిస్తే, ప్రతి అణువూ పైన ఉన్న కాసేపట్లో సరైన చోటు వెతుక్కుని కూర్చుంటుంది. అలా తయారైన గాజు మామూలుగా చల్లార్చిన గాజు కన్నా దట్టమైనది, ఎంతో నిలకడైనది. సెల్‌ఫోన్ల ఓఎల్ఈడీ తెరల్లోని కర్బన పొరలూ ఆవిరి నుంచి పేర్చినవే కాబట్టి ఈ సంగతి తెరల తయారీకి నేరుగా పనికొచ్చేది.

గాజు స్వభావం ఘనపదార్థ శాస్త్రంలో ఇంకా తెగని లోతైన సమస్య అని ఫిలిప్ ఆండర్సన్ 1995లో రాశాడు. నేటికీ అది తెగలేదు. పైపొర చురుకుదనం ఎంత లోతుకు, ఏ దారిన దిగుతుందో చెప్పి అందరినీ ఒప్పించిన సిద్ధాంతం లేదు. తేలిన సంగతి ఒకటి: పదార్థం గుణాన్ని దాని లోపలి అణువులే కాదు, దాని హద్దులూ నిర్ణయిస్తాయి. ఈ రంగంలో పనిచేసే మన విద్యార్థులకు ఒక్క మాట. పలుచని పొరకు గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత రాసేటప్పుడు పక్కనే పొర మందం, కింద ఉన్న పలక, చల్లార్చిన వేగం కూడా రాయండి. ఈ మూడూ లేని అంకెను ఇంకొకరి అంకెతో పోల్చలేం; ముప్పై ఏళ్ళ తగాదాలో చాలా భాగం అలా పోల్చబోయి తెచ్చుకున్నదే.