ఈటన్ బడిలో బంతి ఆడినవాళ్ళు



క్రిస్మస్‌కు ఊరు వచ్చిన మన సంఘపు యౌవనస్థులు ఆరాధన అయ్యాక పాత స్కూలు ఫోటో ఒకటి ముందేసుకుని కూర్చున్నారు. "వీడు దుబాయ్‌లో ఉన్నాడు, వీడు లారీ తోలుతున్నాడు, వీడు ఇప్పుడు లేడు" అని ఒక్కో ముఖం మీద వేలు పెట్టి చెప్పుకుంటున్నారు. వాళ్ళను చూస్తుంటే మాకు ఎప్పుడో చదివిన ఒక ఫుట్‌బాల్ జట్టు గుర్తుకొచ్చింది. ఆ జట్టువాళ్ళు ఎక్కడెక్కడికి చేరారో ఈ వారం రాద్దామనిపించింది.

ఇంగ్లండులో ఈటన్ అనే బడి ఉంది. ప్రభువుల పిల్లలు, ధనవంతుల పిల్లలు చదివే చోటు. అక్కడ చదువు ముగించినవాళ్ళు ఆట మానలేక "ఓల్డ్ ఎటోనియన్స్" పేరుతో జట్టు కట్టారు. 1879లో ఎఫ్.ఏ. కప్పు గెలిచారు. 1882 మార్చి 25న లండన్‌లోని ఓవల్ మైదానంలో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను 1-0తో ఓడించి మళ్ళీ గెలిచారు. ఆ రోజు జట్టు నాయకుడు ఆర్థర్ కిన్నెయిర్డ్, 35 ఏళ్ళవాడు, ఎర్రగడ్డం మనిషి, సంతోషం పట్టలేక అందరి ముందూ తలకిందులుగా నిలబడ్డాడట. ఆయన ఆట చాలా మొరటు. ఈయన ఏదో ఒక రోజు కాలు విరిగి ఇంటికొస్తాడని ఇంట్లోవాళ్ళు భయపడితే, "విరిగేది ఆయన కాలు కాదులెండి" అని ఒక స్నేహితుడు అన్నాడని చెప్పుకుంటారు.

ఆ పదకొండుమందిలో గోల్‌కీపర్ రాలిన్సన్ న్యాయవాది అయ్యాడు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం తరఫున 1906 నుంచి చనిపోయేదాకా పార్లమెంటులో కూర్చున్నాడు. గుడ్‌హార్ట్ ఎడిన్‌బరోలో లాటిన్ ప్రొఫెసర్ అయి, 36 ఏళ్ళకే కన్నుమూశాడు. షెవాలియర్ వంశపారంపర్యంగా వచ్చిన సైడర్ వ్యాపారంలోకి వెళ్ళాడు. సైడర్ అంటే ఆపిల్ రసం పులియబెట్టి చేసే మత్తుపానీయం, కాబట్టి ఈయన సంగతి ఇంతటితో వదిలేస్తున్నాం! ఆర్థర్ డన్ అనే ఆయన 1883 ఫైనల్లో దెబ్బ తగిలి బయటకు పోయాడు. పదిమందితో ఆడిన ఈటన్ జట్టు బ్లాక్‌బర్న్ ఒలింపిక్ చేతిలో 2-1తో ఓడింది. ఆ గెలిచినవాళ్ళు ఎవరనుకున్నారు? మగ్గం మీద పనిచేసేవాళ్ళు, నూలు మిల్లు కూలీలు, కుళాయిలు బిగించే మనిషి. డన్ తరువాత 1892లో పిల్లల కోసం లడ్‌గ్రోవ్ బడి పెట్టి, 1902లో 41 ఏళ్ళకే చనిపోయాడు.

కిన్నెయిర్డ్ బ్యాంకు నడిపాడు, 1887లో తండ్రి తరువాత లార్డ్ అయ్యాడు, 1890 నుంచి 1923లో మరణించేదాకా ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. ఇద్దరు కొడుకులను మొదటి ప్రపంచ యుద్ధంలో పోగొట్టుకున్నాడు. మన పట్టణాల్లో వైడబ్ల్యూసీఏ బోర్డు చూసే ఉంటారు. 1855లో దాన్ని మొదలుపెట్టినవారిలో ఈయన తల్లి మేరీ జేన్ ఒకరు. ప్రార్థన గల ఇల్లు.

అయితే మేము ఎక్కువ చెప్పదలచినది కిన్నెయిర్డ్ బడి స్నేహితుడు క్వింటిన్ హాగ్ గురించి. ఈటన్‌లో మంచి ఆటగాడు. 1863లో బడి వదిలి లండన్‌లో వ్యాపారంలో చేరాడు. ఒక రాత్రి వీధులూడ్చి చిల్లర అడుక్కునే కుర్రాళ్ళు ఇద్దరిని పిలిచి, చదువు నేర్పుతానని నది దగ్గరి కమానుల కిందికి తీసుకుపోయాడు. ఖాళీ బీరు సీసాకు కొవ్వొత్తి గుచ్చి, రెండు బైబిళ్ళు తెరిచాడు. దూరంగా దీపం కనబడగానే ఒక కుర్రాడు "పోలీస్" అనే మాటను వెనకనుంచి ముందుకు తిప్పి అరిచి, కొవ్వొత్తి ఆర్పేసి, ఇద్దరూ పరుగో పరుగు. చీకట్లో ఈ దొరబిడ్డ ఒక్కడే పోలీసు ఎదుట మిగిలాడు.

వాళ్ళ భాష, వాళ్ళ భయం తనకు తెలియదని హాగ్‌కు అప్పుడు అర్థమైంది. బూట్లు పాలిష్ చేసే కుర్రాడి బట్టలు, పెట్టె కొనుక్కున్నాడు. రాత్రుళ్ళు వాళ్ళతో తిరిగి, పాలిష్ చేసి సంపాదించిన దానితోనే తిని, పీపాల్లో, టార్పాలిన్ల కింద పడుకున్నాడు. 1864లో పేదపిల్లల బడి తెరిస్తే కిన్నెయిర్డ్ తోడు నిలిచాడు. ఆ పరిచర్య పెరిగి పెరిగి, 1882లో, అంటే పాత స్నేహితుడు కప్పు గెలిచిన ఏడే, రీజెంట్ స్ట్రీట్‌లో పాలిటెక్నిక్ అయింది. పగలు పనిచేసే కుర్రాళ్ళకు సాయంత్రం వృత్తివిద్య, ఆటలు, బైబిలు తరగతి. నేటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వవిద్యాలయం అదే.

ఇక్కడే ఆపితే చక్కని సాక్ష్యం అవుతుంది. కానీ ఆపలేం. అంత డబ్బు ఎక్కడిది? హాగ్ చక్కెర వ్యాపారి. ఆయన కంపెనీకి దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాలో, డెమెరారాలో, చెరకు తోటలుండేవి. బానిసత్వం రద్దయ్యాక 1838 నుంచి 1917 వరకు ఆ దేశపు తోటలకు ఒప్పందం మీద కూలీలను మన దేశంనుంచి ఓడల్లో తోలారు. కలకత్తానుంచి ఎక్కువ, మద్రాసునుంచి కొంత. మద్రాసునుంచి వెళ్ళినవాళ్ళకు అక్కడ "మద్రాసీలు" అని పేరు. వాళ్ళలో తమిళులతోపాటు తెలుగువాళ్ళూ ఉన్నారు.

హాగ్ భక్తి వేషమని మేము అనము. వేషధారి పీపాలో పడుకోడు. కానీ లండన్ వీధి కుర్రాడి ఆకలి తెలుసుకోవడానికి బట్టలు మార్చుకున్న మనిషికి, తన చక్కెర వెనుక ఉన్న కూలీ కూడా పొరుగువాడే కదా అని మాకు బాధ కలుగుతుంది. యాకోబు పత్రిక 5వ అధ్యాయం చదువుతున్నప్పుడు ఈ తోటలే మా కళ్ళముందు ఆడతాయి. మన సంఘంలో కూడా కోత కూలి సగం ఆపి, ఆ నెలలోనే మందిరానికి మైకు సెట్టు ఇచ్చినవారు ఉన్నారు. మేము ఆ మైకు తీసుకున్నాం. ఇప్పటికీ దానిలోనే ప్రసంగిస్తున్నాం.

హాగ్ 1903 జనవరిలో పాలిటెక్నిక్‌లోనే, స్నానాల గదిలో గ్యాసు పొగ వల్ల చనిపోయాడు. మూడేళ్ళ తరువాత లండన్‌లో ఆయన విగ్రహం పెట్టారు. కూర్చుని పుస్తకం చదువుతుంటాడు, రెండు పక్కలా ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడి చేతిలో ఫుట్‌బాల్ ఉంటుంది.