కూడు తిట్టెట్లయింది?

మొన్న నంద్యాల క్లాసులో ఒక అమ్మాయి "మా అవ్వ ఇంకా కూడు అనే అంటాది సార్" అంటూ సిగ్గుపడింది.

సిగ్గెందుకు? కూడు అచ్చ ద్రావిడ మాట. కన్నడ కూళు, తమిళ కూళ్ దాని తోబుట్టువులు. అన్నం సంస్కృతం. దానికి మొదటి అర్థం 'తినేది' అనే. వరి అని కాదు. తెలుగులో వరికి అతుక్కుంది. థాయ్‌లాండ్‌లో 'కిన్ ఖావ్', అంటే వరన్నం తినడం, ఏ భోజనానికైనా అదే మాట. ఆళ్లగడ్డ పల్లెల్లోనూ సంగటి తిన్నోణ్ణి "అన్నం తింటివా?" అనే అడుగుతాం.

కేసీ కాలువ కింద వరి నాటిన మన అవ్వలు తిన్నది కొర్రకూడు, జొన్నసంగటి. అన్నం పరబ్రహ్మమైంది. కూడు దండగకూడు, పిండాకూడు అయింది. తిన్నోళ్ల కులమే మాటకూ అంటింది.

అయినా హక్కులడిగేటప్పుడు మన నోట వచ్చేది అన్నం కాదు: కూడు, గూడు, గుడ్డ. ఆ అమ్మాయికి అదే చెప్పినా.